వార్ధక్యం - సహనివాసం

వృద్ధుల కోసం ఇళ్ళు కట్టించడం ఐరోపా ఖండంలో చాలా పాత ఆచారం. ప్రభువులు కట్టించారు, మఠాలు కట్టించాయి, కోటికి పడగలెత్తిన వర్తకులు కట్టించారు, చివరకు ప్రభుత్వాలు కట్టించాయి. వృద్ధులే నలుగురు ఒకచోట చేరి, స్థలం వెదకి, పటం గీయించుకొని, తమకు కావలసిన ఇరుగుపొరుగును తామే సమకూర్చుకోవడం మాత్రం ఇటీవలి విషయం. ఆంగ్లంలో దీనిని 'కోహౌసింగ్' అంటున్నారు. ఒక్కొక్కరికీ, లేక ఒక్కొక్క దంపతులకూ, తలుపూ తాళమూ గల సొంత ఇల్లు. అందరికీ కలిపి ఒక వంటశాల, ఒక భోజనశాల, ఒక తోట. వాటిపై పెత్తనం అక్కడ నివసించేవారిదే. దీనికి మనం 'సహనివాసం' అని పేరు పెట్టుకోవచ్చును. 'సహవాసం' అనే మాట ఇంకా దగ్గరగా ఉన్నది కాని, అది మన వాడుకలో స్నేహమనే అర్థంలో స్థిరపడిపోయింది. పైగా సహవాసదోషం అనే మాట దానిని నీడలా వెన్నంటి వస్తున్నది.

పిల్లలు దూరదేశాలలో స్థిరపడగా పెద్దలు ఇద్దరో, ఒక్కరో మిగిలిపోయిన ఇళ్ళు మన ఊళ్ళలోనూ కనిపిస్తున్నవి. కనుక ఈ పద్ధతి ఎక్కడ పుట్టిందో, ఎలా నిలదొక్కుకున్నదో తెలుసుకోవడం శ్రోతలకు ఆసక్తికరంగా ఉండగలదని తలుస్తాను.

ముందుగా దాతలు కట్టించిన ఇళ్ళ సంగతి చూద్దాం. జర్మనీలో ఆగ్స్‌బుర్గ్ అనే నగరం ఉన్నది. అక్కడ యాకోబ్ ఫుగ్గర్ అనే వర్తకుడు ఉండేవాడు. 1519లో అయిదవ చార్లెస్ చక్రవర్తిగా ఎన్నిక కావడానికి కావలసిన ధనం చాలావరకు ఇతడు అప్పు పెట్టినదే అంటే అతని ఐశ్వర్యం ఎంతటిదో ఊహించుకోవచ్చును. ఆయన తన నగరంలోని నిరుపేదల కోసం ఒక పేట కట్టించి, 1521లో దానికి ధర్మశాసనం వ్రాయించాడు. 'ఫుగ్గెరై' అనే ఆ పేట నేటికీ ఉన్నది. 1944లో బాంబుల దాడిలో చాలావరకు ధ్వంసమైనా తిరిగి కట్టుకున్నారు. ఏడాదికి ఒక రైన్ గిల్డరు అద్దె అని ఆనాడు నిర్ణయించారు. అయిదు వందల యేళ్ళు గడిచినా అద్దె పెంచలేదు. నేటి లెక్కలో అది 88 సెంట్లు, అంటే ఒక యూరో కూడా కాదు. మహాసంగీతవేత్త మోజార్ట్ ముత్తాత, తాపీపని చేసే ఫ్రాంజ్ మోజార్ట్, చితికిపోయిన దశలో తలదాచుకొన్నది ఇక్కడే. ఒక్కొక్క ఇంటి గంట తీగకు ఒక్కొక్క ఆకారపు పిడి ఉన్నది. దీపాలు లేని రాత్రులలో చేతితో తడిమి ఎవరి వాకిలి వారు గుర్తుపట్టేవారట!

అయితే ఆ అద్దెతోపాటు చెల్లించవలసినది మరొకటి ఉన్నది. అందులో నివసించేవారు రోజుకు మూడు ప్రార్థనలు దాతకూ, దాత వంశీయులకూ ధారపోయాలి. కాథలిక్కు మతస్థులై ఉండాలి, ఆ ఊరివారై ఉండాలి, పేదరికం రుజువు కావాలి. రాత్రి పదిగంటలకు పేట ద్వారాలు మూతపడతవి. ఆలస్యంగా వచ్చినవారు కాపలావానికి చిన్న సుంకం చెల్లించి లోపలికి రావాలి. ఇది పేదలందరికీ ఉద్దేశించిన పేట అయినా, ఇప్పుడు వయసు మళ్ళినవారే ఎక్కువ. ఈ ధర్మాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయిదు శతాబ్దాలు నిలిచిన సత్రాలు లోకంలో ఎన్ని ఉన్నవి? కాని వర్తకుడు ధర్మాన్ని కూడా పద్దు వ్రాసుకొనే చేశాడని గ్రహించవలసి ఉన్నది. ఇల్లు ఆయనది, నియమం ఆయనది, ద్వారం తాళంచెవి ఆయన మనిషిది.

ఫుగ్గెరైకి దాదాపు మూడువందల యేళ్ళకు ముందే, పొరుగున ఉన్న ఫ్లాండర్స్ సీమలో, ఇందుకు భిన్నమైన ఏర్పాటు ఒకటి వెలసింది. వివాహం కానివారు, భర్తను కోల్పోయినవారు అయిన స్త్రీలు కొందరు దైవచింతనతో ఒకచోట చేరి బతకడం మొదలుపెట్టారు. వీరిని బెగీన్లు అనేవారు. వీరు సన్యాసినులు కారు. జీవితాంతం కట్టుబడే వ్రతమేదీ పట్టలేదు. సొంత ఆస్తి సొంతంగానే ఉంచుకొనేవారు. నూలు వడికి, బట్టలు ఉతికి, లేసు అల్లి, పిల్లలకు చదువు చెప్పి, రోగులకు సేవచేసి జీవించేవారు. వివాహం చేసుకోదలచుకొంటే వెళ్ళిపోవచ్చును. నగరంలో ఒక మూల గోడ కట్టుకొని, లోపల చిన్న చిన్న ఇళ్ళు, మధ్య ఒక పచ్చిక బయలు, ఒక దేవాలయం, ఒక ఆరోగ్యశాల నిర్మించుకొనేవారు. కలిగినవారికి విడి ఇళ్ళు. లేనివారికి ఉమ్మడి ఇళ్ళు. తమ పెద్దను తామే ఎన్నుకొనేవారు. బ్రూజ్ నగరంలోని ప్రాంగణం ఫ్లాండర్స్ కౌంటెస్ మార్గరెట్ అండతో 1245లో వెలసింది. రాణుల అండ లేకపోతే ఈ స్త్రీలు నిలిచేవారు కారేమో!

తండ్రి, భర్త, మఠాధిపతి ఈ ముగ్గురిలో ఎవరి చెప్పుచేతలలోనూ లేని స్త్రీలను ఆ కాలం ఎంతకాలం సహిస్తుంది? 1310లో మార్గరీట్ పొరెట్ అనే బెగీనును, ఆమె వ్రాసిన గ్రంథం మతవిరుద్ధమని చెప్పి, ప్యారిస్ నగరంలో సజీవదహనం చేశారు. 1311-12లో వియెన్‌లో జరిగిన మతమహాసభ బెగీన్ల జీవనవిధానాన్నే నిషేధించింది. చాలాచోట్ల ప్రాంగణాలు మూతపడినవి. ఫ్లాండర్స్ సీమలో మాత్రం స్థానిక మతాధికారుల పూచీపై ఏదోవిధంగా నిలిచినవి. ఆ తరువాత ఫ్రెంచి విప్లవసైన్యాలు వచ్చి ఆస్తులు స్వాధీనం చేసుకొన్నవి. అయినా పూర్తిగా అంతరించడానికి మరి రెండు శతాబ్దాలు పట్టింది. చిట్టచివరి బెగీను మార్సెల్లా పత్తైన్ తన 92వ యేట, 2013 ఏప్రిల్ నెలలో, బెల్జియం దేశపు కోర్త్రైక్ పట్టణంలో కన్నుమూసింది. అంతకు ముందే, 1998లో, పదమూడు ఫ్లెమిష్ ప్రాంగణాలు ప్రపంచ వారసత్వ సంపద జాబితాకు ఎక్కినవి.

నేను ఈ బెగీన్ల కథను కొంచెం సాగదీసి చెప్పడానికి కారణం ఉన్నది. వృద్ధుల సహనివాసాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా 1960ల నాటి డెన్మార్కుతో ఆరంభిస్తారు. ఆ ఊహ పూర్తిగా కొత్తది కాదనీ, చేతిలో పెద్ద ధనం లేని స్త్రీలు దానిని ఏడువందల యేళ్ళకు పైగా ఆచరణలో నిలిపి చూపారనీ మరవరాదు.

ఇక నడిమి కాలపు సంగతి. ఇంగ్లండులో 1834 నాటి పేదల చట్టం వచ్చాక, కూడూగూడూ లేని వృద్ధులలో చాలామందికి మిగిలిన దారి 'వర్క్‌హౌస్' ఒక్కటే. అక్కడ పురుషులు ఒక వైపు, స్త్రీలు ఒక వైపు. నలభై యేళ్ళు కాపురం చేసిన దంపతులను గుమ్మంలోనే విడదీసేవారు. అరవై దాటిన దంపతులు కోరితే ఒకే గది ఇవ్వవలెనని 1847లో నియమం చేశారు గాని, అది అమలు జరిగినచోట్లు తక్కువ. 1909 జనవరి 1వ తేదీ నుండి డెబ్బై నిండిన బీదలకు వారానికి అయిదు షిల్లింగుల వృద్ధాప్య పింఛను ఇవ్వసాగారు. స్వల్పమే! కాని చేతికి డబ్బు వస్తే వృద్ధుడు తన గదిలో తాను ఉండగలడని లోకానికి తెలిసింది. 1948లో పేదల చట్టాన్ని రద్దుచేశారు. చట్టం పోయింది, కట్టడాలు పోలేదు. పీటర్ టౌన్‌సెండ్ అనే సాంఘిక శాస్త్రవేత్త ఇంగ్లండు, వేల్సులలో 173 వృద్ధ సంస్థలను దర్శించి 1962లో ఒక గ్రంథం ప్రకటించాడు. పాత వర్క్‌హౌసులే పేరు మార్చుకొని వృద్ధులతో నిండి ఉన్నవని, వరుస మంచాల నడుమ తన వస్తువంటూ ఒకటి దాచుకొనే చోటు కూడా లేదని అందులో చూపాడు. నేటి ఇంగ్లీషు వృద్ధురాలు 'హోమ్' అనే మాట వినగానే ఎందుకు ఉలిక్కిపడుతుందో ఈ చరిత్ర తెలిస్తే గాని అర్థం కాదు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే డెన్మార్కులో వేరొక కథ ఆరంభమైంది. యాన్ గుడ్మన్ హోయెర్ అనే యువ వాస్తుశిల్పి 1964 శీతకాలంలో కొందరు మిత్రులను కూర్చోబెట్టి, నగరంలోని అంతస్తుల ఇళ్ళూ, శివార్లలోని ఒంటరి ఇళ్ళూ రెండూ మనిషికి తోడును దూరం చేస్తున్నవి గదా, పల్లెటూరి పొరుగును తిరిగి ఎలా తేగలమని చర్చ పెట్టాడు. వారు కోపెన్‌హేగెన్ సమీపాన హారెస్కోవ్‌లో స్థలం కొని, మధ్య ఒక ఉమ్మడి ఇల్లూ దాని చుట్టూ పన్నెండు ఇళ్ళూ ఉండేటట్లు పటం గీశారు. చుట్టుపక్కలవారు అడ్డు చెప్పారు. కారణం? అంతమంది పిల్లలు చేరితే అల్లరి భరించలేమట! ఆ పథకం అక్కడితో ఆగిపోయింది. 1967లో బోడిల్ గ్రో అనే రచయిత్రి, ప్రతి బిడ్డకూ నూరుగురు తల్లిదండ్రులు ఉండాలనే భావంతో 'పొలితికెన్' పత్రికలో వ్యాసం వ్రాసింది. మరుసటి సంవత్సరం గుడ్మన్ హోయెర్ కూడా మరొక పత్రికలో తన విఫలమైన పథకాన్ని వివరించాడు. ఉత్తరాలు వచ్చినవి. ఉత్తరాలు వ్రాసినవారు సమావేశమయ్యారు. 1972లో హిల్లెరోడ్ దగ్గర సెట్టెడామెన్ అనే పేట 27 ఇళ్ళతో వెలసింది. మరుసటి సంవత్సరం 33 ఇళ్ళతో స్క్రోప్లానెట్ వెలసింది. డేనులు దీనికి పెట్టుకొన్న పేరు 'బోఫెలెస్‌కాబ్'. నివాసమూ సముదాయమూ అనే రెండు మాటల కూర్పు. 'కోహౌసింగ్' అనే ఆంగ్లపదం తరువాతిది. అమెరికా వాస్తుశిల్ప దంపతులు కాథరిన్ మెకామంట్, చార్లెస్ డ్యూరెట్ డెన్మార్కు వెళ్ళి చూచి వచ్చి, 1988లో ప్రకటించిన గ్రంథంతో అది వ్యాప్తిలోకి వచ్చింది.

ఈ పేటల నిర్మాణంలోని కిటుకు చాలా చిన్న విషయాలలో ఉన్నది. కార్లను పేట అంచుననే ఆపివేస్తారు. అందుచేత ఇంటికి చేరేలోపల నలుగురు ఎదురుపడక తప్పదు. వంటగది కిటికీ నడిచే బాటవైపు ఉంటుంది. కూరలు తరుగుతున్న మనిషికి వచ్చేపోయేవారు కనిపిస్తారు. విడి ఇల్లు కొంత చిన్నది చేసి, మిగిలిన చోటును ఉమ్మడి ఇంటికి కలుపుతారు. వారంలో కొన్ని రాత్రులు అక్కడ సహపంక్తి భోజనం, వంట వంతులవారీగా. నెలకు ఒకటి రెండు సార్లు వండితే మిగిలిన సాయంకాలాలలో వండినది తిని రావచ్చునన్నమాట. ఒంటరిగా ఉన్న వృద్ధులు ఒక్కరికోసం పొయ్యి వెలిగించడం దండుగ అని రొట్టె ముక్కతో రాత్రి గడుపుకోవడం ఏ దేశంలోనైనా ఉన్నదే. కనుక ఈ భోజనశాల వేడుక కోసం పెట్టినది కాదు.

1981లో డేనిష్ ప్రభుత్వం సహకార గృహనిర్మాణానికి అనువైన ఋణాలిచ్చే చట్టం చేయడంతో, అంతవరకు స్తోమతు గలవారికే సాధ్యమైన ఈ పద్ధతి సామాన్యులకూ అందింది. అప్పుడు వృద్ధులు ముందుకు వచ్చారు. పిల్లలున్న కుటుంబాల పేటలలో సమావేశాల కాలమంతా పిల్లల విషయాలకే సరిపోతున్నదనీ, తమకు నిదానమైన పేట కావాలనీ వారి వాదన. 1987లో కోపెన్‌హేగెన్‌లో వెలసిన 'మిద్‌గోర్డెన్' వృద్ధుల సహనివాసాలలో మొదటిదిగా పేరు పొందింది. అదే సంవత్సరం డెన్మార్కు చేసిన చట్టంతో పాతకాలపు వృద్ధాశ్రమాలను కొత్తగా కట్టడం ఆగిపోయింది. ఇకపై వృద్ధులకు ఇళ్ళే కట్టాలి, సేవ అవసరమైనవారికి ఆ ఇంటికే సేవ రావాలి అన్నారు. ఒక దేశం తన వృద్ధులను గురించి ఇంత సూటిగా ఆలోచించడం అరుదు. నెదర్లండ్సులోనూ అదే దశాబ్దంలో వృద్ధుల బృందాలు బయలుదేరినవి. కలిసి ఉన్నవారు ఆలస్యంగా మంచాన పడతారు, ఖర్చు తగ్గుతుంది అనే లెక్కతో అక్కడి ప్రభుత్వం వాటిని ప్రోత్సహించింది. లెక్క పొదుపుదే అయినా ఫలితం మంచిదే.

ఈ డచ్చి బృందాలను పరిశీలించిన మరియా బ్రెంటన్ అనే ఆంగ్ల పరిశోధకురాలు 1998లో తన నివేదికను ప్రకటించింది. పెత్తనం మాదే అన్నది దాని శీర్షికలోని భావం. ఆ సంవత్సరమే లండనులో ఆమె ఏర్పాటుచేసిన సమావేశానికి వచ్చిన స్త్రీలలో ఆరుగురు, మనమూ ఇటువంటిది కట్టుకొందామని నిశ్చయించుకొన్నారు. యాభై దాటిన స్త్రీలకు మాత్రమే అని నియమం పెట్టుకొన్నారు.

వారి ఇల్లు ఎప్పుడు పూర్తయిందని అడిగితే సమాధానం 2016 డిసెంబరు. పద్ధెనిమిది సంవత్సరాలు! అరవైయవ యేట పేరు నమోదు చేసుకొన్న స్త్రీ డెబ్బై ఎనిమిదవ యేట సామాను దించుకోవాలి. ఆలస్యానికి కారణాలలో గొప్ప రహస్యాలేమీ లేవు. లండనులో భూమి ధర మండిపోతున్నది. వర్తకులు నగదుతో వచ్చి స్థలాలు తన్నుకుపోతుంటే, ప్రతి నిర్ణయం సమావేశంలో చర్చించే బృందం పోటీపడలేదు. స్థానిక సంస్థల భయం వేరు: ఇతర ప్రాంతాల వృద్ధులు వచ్చి చేరితే రేపు వారి సంరక్షణ ఖర్చు తమపై పడుతుందేమో అని. ఒకరినొకరు చూచుకొనేవారు వస్తే ఆ ఖర్చు తగ్గుతుందేమో అన్న ఆలోచన వారికి ఆలస్యంగా తట్టినట్లున్నది. ఎట్టకేలకు హనోవర్ అనే గృహనిర్మాణ సంస్థ స్థలం కొనడానికి ముందుకు రాగా, ఉత్తర లండనులోని హై బార్నెట్‌లో, ఒకప్పటి కాన్వెంటు పాఠశాల స్థలంలో ఆ ఇల్లు లేచింది. పేరు 'న్యూ గ్రౌండ్'. మొత్తం 25 వాసాలు. వాటిలో 17 కొనుక్కొన్నవారివి. 8 తక్కువ అద్దెకు, ఒక ధర్మనిధి సహాయంతో. ఆ ఎనిమిదింటి కోసం పట్టుబట్టినందుకే కొంత కాలహరణం జరిగింది. అవి లేకపోతే ఇది కలిగిన స్త్రీల మేడగా మిగిలేది.

లోపలి కట్టుబాట్లు గమనింపదగినవి. తోటపని, లెక్కలు, మరమ్మతులు అన్నీ వారి సంఘాలే చూచుకొంటవి. ఒక్కొక్కరికి ఆరోగ్యవిషయంలో ఆరా తీసే కొద్దిమంది సహచరులు ఉంటారు. ఆసుపత్రికి వెంట వెళ్ళడం, మందులు తెచ్చిపెట్టడం, ఉదయం తలుపు తెరుచుకోకపోతే తట్టి చూడడం వారి పని. స్నానం చేయించడం, మంచాన ఉంటే ఎత్తిదించడం వంటి శుశ్రూష మాత్రం ఒప్పందంలో లేదు. దానికి బయటినుండి మనిషిని పెట్టుకోవలసిందే. ఇది కాఠిన్యంగా తోచవచ్చును. ఎనభై యేళ్ళ మనిషి ఎనభై అయిదేళ్ళ మనిషిని ఎత్తలేదన్న సంగతిని ముందుగా ఒప్పుకోవడమే అది. పురుషులు అతిథులుగా రావచ్చును, నివసించరాదు.

ఫ్రాన్సులో తెరెజ్ క్లెర్ అనే స్త్రీవాది ప్యారిస్ సరసన మోంత్రై పట్టణంలో ఇదే ప్రయత్నం చేసింది. 1999లో పుట్టిన ఊహ 2012లో ఇల్లయింది. 2003 వేసవిలో వీచిన వడగాలులకు ఆ దేశంలో దాదాపు పదిహేనువేలమంది మరణించారు. అందులో అత్యధికులు వృద్ధులు, చాలామంది ఒంటరిగా ఉన్నవారు. ఆ విపత్తు తరువాతనే అధికారులు ఆమె మాట చెవినిబెట్టారు. ఆమె ఆ ఇంటికి స్లావు జానపద కథలలోని ముసలి మంత్రగత్తె 'బాబాయాగా' పేరు పెట్టింది. ముసలివాళ్ళంటే సాధువులై మూల కూర్చోవాలనే వారికి అది జవాబు కాబోలు.

లోపాలు లేవా అంటే ఉన్నవి. ఇరుగుపొరుగును ఎన్నుకొనే హక్కులోనే కాదనే హక్కు కూడా ఇమిడి ఉన్నది. మాటకారి, చదువరి, సమావేశాలలో ఓపికగా కూర్చోగలవాడు లోపలికి వస్తాడు. నోరులేనివాడు, మతిమరుపు మొదలైనవాడు గుమ్మం బయటే ఉండిపోతాడు. ఫుగ్గర్ కనీసం పేదరికం చూచి లోపలికి రానిచ్చాడు. అన్నీ సర్వసమ్మతితోనే జరగాలంటే గోడకు పూసే రంగుపైనా మూడు సమావేశాలు జరుగుతవి. వీటన్నిటికంటె కష్టమైనది మరొకటి. ఒకే ఈడువారు ఒకేసారి చేరితే, ఒకేసారి ముసలివారవుతారు. 1972లో ముప్పై యేళ్ళ వయస్సుతో, చంటిబిడ్డలతో సెట్టెడామెన్‌లో చేరిన దంపతులు ఇప్పుడు ఎనభై దాటినవారు. ఉమ్మడి వంటశాలలో పెద్ద గుండిగ దించే చేతులు ప్రతి పదేళ్ళకూ కొత్తవి కావాలి.

న్యూ గ్రౌండ్ స్త్రీలు ఇందుకు ఒక ఏర్పాటు చేసుకొన్నారు. బయట నివసించే సభ్యులను కొందరిని ముందే చేర్చుకొంటారు. వారు సమావేశాలకు వస్తారు, తోటలో పని చేస్తారు, సహపంక్తి భోజనాలకు కూర్చుంటారు. వయస్సులు కలగలుపుగా ఉండేటట్లు చూచి, కొంత చిన్నవారిని తీసుకొంటారు. లోపల ఒక ఇల్లు ఖాళీ అయినప్పుడు వీరిలో ఒకరు వెళ్ళి చేరతారు. ఇల్లు ఏ విధంగా ఖాళీ అవుతుందో అందరికీ తెలుసును. ఆ సంగతి తెలిసే, పోయే మనిషీ వచ్చే మనిషీ కొన్నేళ్ళపాటు ఒకే బల్ల దగ్గర కూర్చొని భోజనం చేస్తూ ఉంటారు.